అత్తగారి వేలికి అందిన బటను

ఫోను యాప్‌లకు తెరలు రూపొందించే ఆ కోడలికి పని చేస్తూ తెరమీది బొమ్మలతో, బటన్లతో మాట్లాడే అలవాటు. “నీకు కనీసం ఎంత చోటు కావాలి? నువ్వు కాస్త జరుగమ్మా” అంటూ, బల్ల మీద చుట్టాలను సర్దినట్టు ఒక్కోదాన్నీ సర్దుతుంది. అత్తగారికి గుండెనొప్పి వచ్చినప్పటినుంచి ఆ పని ఇంట్లోనే, ఆవిడను కనిపెట్టుకుని. ఓ ఆసుపత్రి కోసం చేస్తున్న యాప్ పూర్తికాగానే ఆవిడ ఫోనులోనే తెరిచి చూసింది. చూపు ఆనక ఆవిడ అక్షరాలను బాగా పెద్దవి చేసుకున్నారు. దాంతో, పైనున్న డాక్టరు బొమ్మ చోటివ్వక, అంబులెన్సు బటను తెర కిందికి జారి కనబడకుండా పోయింది.

“పోనీలేవే, అక్షరాలు చిన్నవి చేసుకుంటా.”

“మీరెందుకత్తయ్యా సర్దుకోవడం? ఆ డాక్టరు బొమ్మ సర్దుకుంటుంది” అంటూ కోడలు, ఎంతకైనా కుంచించుకోమని బొమ్మకూ, వెంట్రుకవాసి కూడా తగ్గొద్దని బటనుకూ నియమం రాసింది. మళ్ళీ తెరిచేసరికి డాక్టరు గోరంతయ్యాడు. బటను తెరమీద నిండుగా నిలిచింది. అత్తగారు కళ్ళజోడు వెతుక్కోకుండానే దానిమీద వేలు పెట్టారు.

“డాక్టరు చిక్కిపోయాడు పాపం! రేపట్నుంచి నువ్వు ఆఫీసుకెళ్ళవే. నాకు కాపలా అక్కర్లేదు.”