పిలుపుల ఫైలు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఒకవైపు నేను, మరోవైపు యంత్రం, మధ్యలో వంశగౌరవం. నిజానికి యుద్ధమేమీ జరగలేదు. బాబాయి ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఒక బటన్ నొక్కాను, అంతే.

అప్పటికి తాతయ్య పోయి ఐదు రోజులు. దశదినకర్మకు చుట్టాలను ఇంటింటికీ వెళ్లి పిలవాలి. ఫోన్‌లో చెబితే మా వైపు అది పిలుపు కిందికి రాదు. ఒక్క ఇల్లు మరిచినా ఆ ఇంటివాళ్లు ఇక మా గడప తొక్కరు. ఎవరెవరిని పిలవాలో పూర్తిగా తెలిసింది నాయనమ్మ ఒక్కదానికే. ఖానాపురం హవేలిలో మా ఇంట్లో గోడకు ఆనుకుని, బస్సు రూటు ప్రకారం చెప్పింది: పాల్వంచలో ఎవరు, సారపాకలో ఎవరు, అక్కణ్నుంచి అడవి అంచు ఊళ్లలో ఎవరు. ఒక్కో ఇంటి దగ్గర ఆగి, తాతయ్య అక్కడ ఏం తిన్నాడో, ఎందుకు అలిగాడో కూడా చెప్పింది. నేను ఇళ్లను మాత్రం వరుసకొకటిగా టైపు చేసి నేరుగా పెన్‌డ్రైవ్‌లో పెట్టాను.

మర్నాడు సారపాకలో బాబాయి దగ్గరికి వెళ్లాను. ప్రింటర్ ఉన్నది ఆయనకే. ఫైలు తెరిస్తే అక్షరాలకు బదులు అన్నీ డబ్బాలే.

"ఏందిరా ఇది? చుట్టాల పేర్లు తెమ్మంటే కిటికీలు గీసుకొచ్చినవ్?"

"ఇందుల తెలుగు లేదు బాబాయ్. సెట్టింగ్ మార్చాలె."

"జల్దీ మార్చు. నాకు మిల్లుల డ్యూటీ ఉంది."

భాషల్లో తెలుగు చేర్చబోతే నెట్ కావాలంది. నెట్ లేదు. ప్రాంతం మార్చి రీస్టార్ట్ చేశాను. తేదీ రాసే పద్ధతి మాత్రం మారింది. ఫాంటు మార్చాను. డబ్బాలు లావయ్యాయి.

"అవ్, ఇప్పుడు మంచిగ కనపడుతున్నయ్" అన్నాడు బాబాయి.

ఆఖరికి అదే ఫైలును ఇంకో పద్ధతిలో సేవ్ చేద్దామని, ఉన్నవాటిలో చిన్న పేరున్నది ఎంచుకున్నాను. ఇంగ్లిషులో ఏదో హెచ్చరిక వచ్చింది.

"ఏమంటుంది?"

"ఒప్పుకోమంటుంది."

"ఒప్పుకో మరి."

ఒప్పుకున్నాను. మూసి తెరిస్తే డబ్బాలన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. ఫాంటులన్నీ తిప్పాను. ఏ ఫాంటులో చూసినా ప్రశ్నలే. ఇక నాయనమ్మకు ఫోన్ చేశాను.

"నాయనమ్మా, ఆ ఇళ్లు ఇంకోసారి చెప్తవా?"

"నిన్ననే చెప్పిన కదరా?"

"కంప్యూటర్ మర్చిపోయింది."

"నాకు యాదికుంది, దానికేం రోగం?"

చెప్పింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. తాతయ్య ఎక్కడా తినలేదు, ఎవరి మీదా అలగలేదు. క్యాలెండర్ వెనక రాసుకున్నాను. తెర మీద ప్రశ్నార్థకాల వరుసలు నలభై రెండు. నా కాగితం మీద ఇళ్లు నలభై.

"ఇంకెవరన్న ఉన్నరా నాయనమ్మా?"

పాల్వంచ నుంచి మళ్లీ ఊళ్లన్నీ గొణుక్కుంది.

"ఇంతేరా" అంది.

నలభై ఇళ్లూ పిలిచాం. మిగిలిన రెండూ ఎవరివో ఆమెకూ తెలియలేదు, నాకూ తెలియలేదు.

సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ అని ఒక గడి ఉంటుంది. తెలుగు అక్షరాలు నిలవాలంటే అందులో యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. గడి సేవ్ బటన్ పక్కనే ఉంటుంది.