మూత లేస్తున్న గిన్నె

మా ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నా, ఇందులో ప్రతి అక్షరం నిజం.

చర్ల పోయే బస్సులో నా పక్కన ఒకామె కూర్చుంది. ఒళ్లో శాలువా చుట్టిన స్టీలు గిన్నె. దుమ్ముగూడెం దాటాక చూద్దును కదా, గిన్నె మూత దానంతటదే పైకి లేస్తోంది. నేను సీటు చివరికి జరిగాను.

చెక్‌పోస్టులో బస్సెక్కిన కానిస్టేబులు కన్ను కూడా దానిమీదే పడింది.

"ఏందమ్మా అండ్ల?"

"రొట్టె పిండి సారూ. ఈస్ట్ ఏసి పిసికిన. చర్లల మా బిడ్డ ఇంట్ల ఓవెన్ ఉంది. బస్సు ఆడికి చేరేసరికి మంచిగ పొంగుతది. రేపు ఆదివారం చర్చిల విరిచేది ఈ రొట్టెనే."

"గట్లనా. చెయ్యి పెట్టి చూస్తా, మూత తియ్యి."

"చెయ్యి పెడితే కుంగుతది సారూ. రేపు పాస్టరయ్య రొట్టెకు బదులు అప్పడం విరవాలె. ఒక్క వేలు పెట్టు, చాలు."

అతను అనుమానంగానే వేలితో నొక్కాడు. పడిన గుంట మెల్లగా పూడింది. వేలు ప్యాంటుకు తుడుచుకుని దిగిపోయాడు.

మర్నాడు చర్చి అయ్యాక ఆమె నాకో ముక్క పంపింది. అంత మెత్తటి రొట్టె మా ఖమ్మం బేకరీల్లో కూడా తినలేదు.

సరే, ఒట్టు తీసి గట్టున పెడుతున్నా. ఆ ముక్క నా కల్పన. బస్సులో నాకో ముక్క పంపమని అడగడం మాత్రం అడిగాను. గిన్నెను నేను చూసినట్టే ఆమె నన్ను చూసి, శాలువా ఇంకాస్త బిగించింది.