నేను మార్చని వైరు

ఇందుమూలంగా చాండ్లర్ పురజనులందరికీ తెలియజేయడమేమనగా: మా అక్కావాళ్ళ గరాజ్‌లో, వాషింగ్ మెషీన్ పక్కనున్న ప్లగ్గులోంచి వేడి జిగురు కార్చే గ్లూ గన్ వైరు గత శుక్రవారం సాయంత్రం పీకివేయబడినది. పీకినవాడు ఇది రాస్తున్నవాడే. ఎవరికీ గాయాలు కాలేదు.

ఆ గ్లూ గన్ వాడే మనిషి మా బావ, అంటే మా అక్క భర్త. మూడు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కార్ ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, కిందికి దిగలేదు. గుండె ఆగిపోయింది. యాభై ఆరేళ్ళు.

ఫోన్ వచ్చినప్పుడు నేను పనిచేసే ఇండియన్ స్టోర్‌లో బెండకాయల పెట్టె విప్పుతున్నాను. విన్నాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మిగతా బెండకాయలు కూడా సర్దాను, ముదురువి ఏరి పక్కన పెట్టాను. తర్వాత వెళ్ళాను. దాన్ని ధైర్యం అనుకోకండి. ఏమీ అనిపించలేదు, అంతే. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించడం లేదు. అన్నం తింటున్నాను, నిద్రపోతున్నాను, స్టోర్‌లో జోకులు కూడా వేస్తున్నాను.

ఈ ఊరి తెలుగు పత్రికవాళ్ళు బావ గురించి నాలుగు మాటలు రాసిమ్మని అక్కని అడిగారు. అక్క నా మీదకి తోసింది. "నువ్వే రాయి. ఇన్నేళ్ళూ ఆయన్ని ఏడిపించినవాడివి నువ్వేగా" అంది. నేను తొమ్మిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. తప్పులుంటే సర్దుకోండి.

బడి మానేశాక మా ఊళ్ళో మైకు సెట్టు కొట్లో పనిచేశాను. పెళ్ళిళ్ళకి స్తంభాలెక్కి బాకాలు కట్టడం నా ఉద్యోగం. తర్వాత అక్క నా గ్రీన్ కార్డుకి పిటిషన్ వేసి, అది పుష్కరకాలం లైన్లో ఉండి, నడి వయసులో నన్ను ఆరిజోనాకి, ఈ చాండ్లర్ ఊరికి చేర్చింది. వచ్చిన కొత్తలో వాళ్ళింట్లోనే ఉన్నాను. బావ చిప్పులు చేసే కంపెనీలో ఇంజనీరు. పెద్ద చదువు, చిన్న గొంతు. ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం? మొదటి వారం టీవీ రిమోట్ గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు. ఒకరోజు మైకు సెట్టు సంగతి చెప్పాను. ఆయన అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు.

"బాకాలు కట్టావా? హార్న్ లౌడ్ స్పీకర్లు?"

"బోలెడు."

"తినేసి గరాజ్‌లోకి రా."

అప్పుడు చూశాను వాటిని. చూడనివాళ్ళ కోసం చెబుతాను. మూడంగుళాల చిన్న స్పీకర్ ఒకటి ఉంటుంది, పాత కార్ల తలుపుల్లో ఉండేంతది. సన్న స్వరమైనా బొంగురు స్వరమైనా అదొక్కటే పలకాలి, పక్కన ఇంకో తోడు ఉండదు. అంత బుల్లిది బొంగురు పలకాలంటే కష్టం. అందుకని దాని వెనక ఒక పొడుగాటి దారి కడతారు. మొదట్లో రెండు వేళ్ళు పట్టేంత సందు. పోనుపోను వెడల్పై చివరికి చేటంత నోరవుతుంది. తిన్నగా కడితే ఆ దారి గోడ దాటి పక్కింట్లోకి పోతుంది కాబట్టి, నత్తగుల్లలాగా చుట్టలు చుట్టి కడతారు. రెండు పక్కలా రెండు పలకలు, మధ్యలో చుట్టలు తిరిగిన గోడ.

బావ వాటిని పిల్లలు స్కూల్ ప్రాజెక్టులకి కొనుక్కునే ఫోమ్ బోర్డుతో చేసేవాడు. కొలతలు తీయడానికి మాత్రం ముందు నేను స్టోర్ నుంచి తెచ్చే మామిడిపళ్ళ అట్టపెట్టెలు కోసి చూసేవాడు. స్టీలు గ్లాసుకి దారం చుట్టి, దారం కొసకి పెన్సిల్ కట్టి, విప్పుకుంటూ చుట్ట గీసేవాడు. బోర్డుకి ఒకవైపు అరంగుళానికొక గాటు పెట్టి మెల్లగా వంచేవాడు. గ్లూ పెట్టి, ఆరేదాకా రెండు చేతులతో పట్టుకుని విగ్రహంలా నుంచునేవాడు. నేను సరిగ్గా అప్పుడే ఆయన కళ్ళజోడు తీసి నా తలమీద పెట్టుకునేవాణ్ణి. చెయ్యి వదిలితే అతుకు పోతుంది. ఏం చేస్తాడు?

"ఒరేయ్, కనపడట్లేదురా."

"ఏం కనపడాలి బావా, చేతుల్లోనే ఉందిగా."

ఆయన మాటలు తక్కువ. నాకు గుర్తున్న మంచి మాట ఒకటుంది. దారి అంత నిదానంగా ఎందుకు వెడల్పు చేయాలని అడిగాను. "నోరు ఒక్కసారి తెరిస్తే అరుపురా. మెల్లగా తెరిస్తే పాట" అన్నాడు. "మరి మా అక్కది ఏ రకం బావా?" అన్నాను. ఆయన వంటింటి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇంకా టెస్టింగ్‌లో ఉంది" అన్నాడు.

ఈ ఊరి ఎండ సంగతి మీకు తెలుసు. మే వస్తే గరాజ్ పెనం. గ్లూ గట్టిపడదు, గట్టిపడిందీ మెత్తబడిపోతుంది. ఒకసారి జూలై దాకా గరాజ్‌లోనే ఉంచితే, ఒక మధ్యాహ్నం నత్త మొత్తం తనంతట తానే విచ్చుకుని చాపలా పడుకుంది. అప్పట్నుంచి ఆయన పని నవంబర్‌లో మొదలై మార్చిలో ఆగేది. మార్చి తర్వాత నత్తలకి గెస్ట్ రూమ్, నాకు సోఫా. అంటే మా బావకి ఏడాదికి ఒక్కటే పంట. నేను వచ్చాక ఏడు పంటలు చూశాడు.

చేసిన ప్రతి నత్తనీ ఒకే క్యాసెట్‌తో పరీక్ష చేసేవాడు. పెళ్ళైన కొత్తలో ఆయన ఇక్కడ, అక్క అక్కడ. ఫోన్ చేయడమంటే మాటలు కాదు ఆ రోజుల్లో. అక్క మాటలు రికార్డు చేసి క్యాసెట్లు పంపేది. వాటిలో మిగిలింది అదొక్కటే. అందులో గొప్ప కబుర్లేమీ లేవు. గ్యాస్ బండ రాలేదు, పక్కింటావిడ కూతురికి సంబంధం కుదిరింది, మల్లె అంటు వేశాను, ఇదీ వరస. ఆ గొంతు ఆ రోజుల్లో తన గదిలో ఎలా వినిపించిందో అలా వినాలని బావ పట్టుదల. వంటింట్లోంచి అక్క అరిచేది:

"మనిషిని ఇక్కడే చచ్చేట్టు చాకిరీ చేస్తున్నానుగా, ఆ టేపెందుకండీ!"

"అందులో తిట్లు లేవోయ్" అనేవాడు బావ.

బావ కంపెనీలో లేఆఫ్‌లంటూ ఉద్యోగాలు ఎక్కువగా పీకేసిన ఏడాది, ఆయన రెండు రకాలు కట్టాడు. చిన్న నత్త, పెద్ద నత్త. ఏది బాగుందో కళ్ళు చూస్తే చెవులు మోసపోతాయని, హాల్‌కీ డైనింగ్ రూమ్‌కీ మధ్య దుప్పటి కట్టించాడు. ఆయన ఇటు సోఫాలో, నోట్‌బుక్కుతో. నేను అటు నత్తలతో. ఆయన చెప్పినప్పుడల్లా నేను సౌండ్ తగ్గించి, వైరు ఒకదాన్నుంచి రెండోదానికి మార్చి, మళ్ళీ పెంచాలి.

"నువ్వయితేనే కరెక్టు" అన్నాడు. "మీ అక్కయితే అయిదు నిమిషాల్లో లేచిపోతుంది. నీకు చెవులున్నాయి, మైకు సెట్టు చేతులున్నాయి. హానెస్ట్‌గా చెయ్యి, ఏం?"

నేను వైరు మార్చలేదు. ఒక్కసారి కూడా. సౌండ్ తగ్గించాను, నేలమీద కాలు జరిపాను, దగ్గాను, పెంచాను. గంటసేపూ మోగింది చిన్న నత్తే. దుప్పటి సందులోంచి చూస్తే ఆయన కళ్ళు మూసుకుని వింటున్నాడు, కళ్ళు తెరిచి రాస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. చెంగుమని బయటికి దూకి చెబుదామనుకున్నాను. ఈలోపు ఆయనే లేచి దుప్పటి తప్పించుకుని వచ్చాడు. మూడు పేజీలు రాశాడు.

"రెండోదిరా. డౌటే లేదు. రెండోదాంట్లో మీ అక్క గొంతు ఇక్కడుంది" అని తన భుజం పక్కన చెయ్యి పెట్టి చూపించాడు. ఆయన మొహం అంత వెలిగిపోవడం నేనెప్పుడూ చూడలేదు. చెప్పలేకపోయాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

రెండోదంటే పెద్దదే అనుకుని, మర్నాటికి ఆయన చిన్న నత్తని కోసేశాడు. ఆ బోర్డు ముక్కల్ని వేరేదానికి వాడాడు. పెద్ద నత్త కొలతలతో కొత్త జత మొదలుపెట్టాడు. డిసెంబర్‌లో విన్నాడు. "అదేంట్రా, ఆ రోజులా లేదు" అన్నాడు. విప్పాడు. నోరు వెడల్పు చేశాడు. జనవరిలో మళ్ళీ విన్నాడు. విప్పాడు. మొదట్లో ఉండే సందు సన్నం చేశాడు. ఆ పంటంతా అదే పని. అసలు వినిపించని దాన్ని వెతుకుతున్నాడని నాకొక్కడికే తెలుసు. ఒక్కో వారం గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. మార్చిలో ఆపేశాడు. గరాజ్ వేడెక్కింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు నోరు మూసుకున్నాను. చివరికి ఈ వేసవిలో చెప్పేశాను. ఇద్దరం కార్లో కాస్‌కో నుంచి వస్తున్నాం, వెనక సీట్లో బియ్యం బస్తా.

"బావా, ఆ దుప్పటి రోజు నేను వైరు మార్చలేదు."

ఆయన రోడ్డు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. "తెలుసురా" అన్నాడు.

"ఎట్లా?"

"వైరు పీకితే ఫట్‌మని చప్పుడు రావాలి. రాలా. పాతికేళ్ళ నుంచీ ఇంజనీర్నిరా నేను."

"మరి మూడు పేజీలెందుకు రాశావ్?"

"నువ్వెంతసేపు నటిస్తావో చూద్దామని" అని నవ్వాడు. సిగ్నల్ దగ్గర ఆగి కూడా నవ్వుతూనే ఉన్నాడు.

ఇక్కడిదాకా రాసి మొన్న ఆదివారం అక్కకి చదివి వినిపించాను. కార్లో ఆయన నవ్విన దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది. "ఆయనకి తెలుసా? పోనీలేరా, తెలిసే చేశాడన్నమాట. ఆ ఏడాది ఎంత దిగులుపడ్డాడో అనుకునేదాన్ని" అంది. మూడు వారాల్లో మొదటిసారి రెండు చపాతీలు తింది.

నేను ఇంటికొచ్చి కూర్చున్నాను. రాసింది అలాగే పంపిద్దామనుకున్నాను. సోమవారం పొద్దున మళ్ళీ వెళ్ళి అక్కకి నిజం చెప్పాను. "మరి అదీ రాయి" అంది. రాస్తున్నాను.

కార్లో మాటలు నేను కల్పించినవి. ఆ రోజు కాస్‌కో నుంచి వస్తూ మేం టైర్ల గురించి మాట్లాడుకున్నాం. నేను చెప్పలేదు, ఆయన నవ్వలేదు. ఫట్‌మనే చప్పుడు వచ్చే వీలే లేదు, ఎందుకంటే సౌండ్ తగ్గించాకే వైరు మార్చమని ఆయనే చెప్పాడు. అక్క నోటి గురించి జోకు నేను వేసిన మాట నిజం, ఆయన జవాబు మాత్రం నేను కల్పించింది. ఆయన గ్లూ ఆరేదాకా పట్టుకుని ఊరుకున్నాడు. నవ్వాపుకోలేకపోయానని రాశాను, అదీ అబద్ధం. పావుగంట తర్వాత నాకు విసుగొచ్చింది, బద్ధకంతో మార్చలేదు. చెవులున్నాయని ఆయన నన్ను నమ్మాడు కదా, మైకు సెట్టు కొట్లో నేను చేసింది మూడు నెలలు. నిచ్చెన పట్టుకునేవాణ్ణి.

దుప్పటి నిజం. మూడు పేజీలు నిజం, నోట్‌బుక్కు అక్క దగ్గరుంది. వృథాగా పోయిన ఆ పంట నిజం.

ఇంకొకటి, ఇందాక రాయకుండా వదిలేసింది. ఆ జనవరిలో ఒక సాయంత్రం ఆయన టేపు వేసి, మెడ పక్కకి వంచి కాసేపు విని, నా వైపు తిరిగాడు. "హానెస్ట్‌గా చెప్పరా. ఆ రోజులా ఉందా?" అని అడిగాడు. "దగ్గరకొచ్చావ్ బావా. ఇంకొంచెం" అన్నాను. ఇది కల్పించలేదు. ఆయన తలూపి, టేపు ఆపి, కట్టర్ తీసుకుని, పొద్దున్నే అతికించిన గోడని మొదట్నుంచి మెల్లగా విప్పడం మొదలుపెట్టాడు.