మూగ మెట్టు మీద ఫ్రెంచి పాట

కోలారు బంగారు గనులు సర్కారు చేతికి వచ్చాక దొరలు ఒక్కొక్కరే సామాను అమ్ముకుని తమ సీమకు పోయారు. ఆ సామానులో ఒక పియానో రాబర్ట్‌సన్‌పేట బజారులోని మా ఇంటికి చేరింది. నాన్నది బట్టల అంగడి. అంగడి వెనక గదిలో దాన్ని పెట్టించారు. ఎందుకు కొన్నారని అమ్మ అడిగితే, కట్టె మంచిదన్నారు.

కాన్వెంటులో సిస్టరు దగ్గర పాఠం, ఇంట్లో సాధకం. నా పదిహేడో ఏట సిస్టరు నన్ను బెంగళూరులో ఒక పోటీకి పంపుతానంది. చిన్న ఫ్రెంచి పద్యానికి మనమే బాణీ కట్టి, పియానో వాయిస్తూ పాడాలి. వానలో తడిసిన పిట్ట తన ఇంటిని వెతుక్కోవడం, అంతే పద్యం. కానీ ఆ ఫ్రెంచి ఉందే, రాసేది బారెడు, పలికేది బెత్తెడు! మాట చివర రెండక్షరాలు పెళ్లింట్లో పని చెయ్యని చుట్టాల్లా ఊరికే కూర్చుని ఉంటాయి. నాకు ఒళ్లు మండిపోయేది.

పోటీ కాగానే పియానో అమ్మేస్తానని నాన్న అప్పుడే చెప్పేశారు. దీపావళి సరుకుకు చోటు చాలదట, కోలారులో ఒక డాక్టరుగారు అడుగుతున్నారట. నేను రెండు రోజులు అన్నం మానేశాను. మూడో రోజు అమ్మ వేడివేడి సంగటి, చెనక్కాయల చట్నీ చేసింది. సిగ్గు లేకుండా తిన్నాను.

బాణీకి ఇంకో చిక్కు వచ్చింది. గని లోపల బండ పగిలినప్పుడల్లా ఊరంతా అదిరేది. ఒకసారి అలా అదిరి అటక మీది గంగాళం పియానో మీద పడితే, వేలితో నొక్కే మెట్లలో నడిమిది ఒకటి మూగపోయింది. పద్యంలో చివరి మాటకు అర్థం ‘ఇల్లు’. నా బాణీ సరిగ్గా అక్కడికి వచ్చి ఆ మెట్టునే అడిగేది. వేరే స్వరం వేస్తే పాట అలిగేది. విసుగొచ్చి, అక్కడ చేతులెత్తేసి ఉత్త గొంతుతో పాడడం మొదలుపెట్టాను. ముందు అంగట్లో నాన్న గజంబద్దతో బట్ట కొలుస్తూ ఉండేవారు. ఒక్కనాడు కూడా ఇటు తల తిప్పలేదు. ఆయన మీద నాకు చెప్పలేనంత కోపం.

బెంగళూరులో పియానో నల్లగా నిగనిగలాడుతోంది. అన్ని మెట్లూ పలికే పియానో. ఆ సంగతి నా చేతులకు ఎవరు చెప్పాలి? ‘ఇల్లు’ దగ్గరికి రాగానే అలవాటు కొద్దీ పైకి లేచాయి. హాలంతా నా గొంతొక్కటే. కొంప మునిగిందనుకున్నాను.

పాట అయ్యాక న్యాయనిర్ణేతగా వచ్చిన ఫ్రెంచి ముసలావిడ, అంత ముఖ్యమైన మాట దగ్గర పియానో ఎందుకు ఆపావని ఇంగ్లీషులో అడిగింది. నేను పక్కన నిలబడ్డ సిస్టరు వైపు చూశాను. నన్ను తీసుకొచ్చి వెనక వరసలో కూర్చున్న నాన్న లేచారు. దొరసానులకు బట్ట కొలిచిన మనిషి కదా, ప్రశ్న అర్థమైంది. జవాబు మాత్రం తెలుగులోనే చెప్పారు.

“మా ఇంట్లో ఆ మెట్టు పలకదు మేడమ్. గంగాళం పడి మూగదై పోయినాది. ఆడ మా పాప గొంతే పలకాల. నేను దినామూ వింటా ఉండాను. పాట ఆడికి వస్తానే బట్ట కొలిచేది ఆపేస్తాను.”

సిస్టరు ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పింది. ముసలావిడ నవ్వి, ఇంకోసారి పాడమంది. ఈసారి ఏడుస్తూ పాడాను, చేతులు మాత్రం అక్కడ కావాలనే ఎత్తాను. రెండో బహుమతి వచ్చింది.

దీపావళి సరుకు అమ్మానాన్నల మంచం కింద చేరింది. అమ్మ నెలంతా సణిగింది. డాక్టరుగారికి నాన్న ఏం చెప్పారో తెలియదు. పండగ అయ్యాక పియానో బాగుచేసే మనిషిని ఆయనే పిలిపించారు. అన్నీ సరిచెయ్యమని చెప్పి, ఆ నడిమి మెట్టు మీద అరచెయ్యి పెట్టారు.

“దీన్ని మాత్రం ముట్టుకోవద్దప్పా” అన్నారు.