గంటకు తొడిగిన ముసుగు

పక్కింటి కప్పు కింద పొగ అలారం కీచుమందంటే, తర్వాతి వంతు మనదే. కాసేపటికి మన గుమ్మంలో ఆయన. చేతిలో చీపురు కర్ర, కనుబొమల మీద ఎండిన రంగు చుక్కలు.

ఇళ్లకు రంగులు వేయడం ఆయన బతుకుతెరువు. ఆదివారాలు తానుండే భవనంలో ఇల్లిల్లూ తిరిగి, కర్రతో అలారం బొత్తాం నొక్కి చూడటం మాత్రం ఎవరూ చెప్పకుండానే నెత్తికెత్తుకున్న పని. అందుకే అందరికీ గంట మావయ్య.

ఎదురింటి టైలరమ్మకు అక్షింతలు కాస్త ఎక్కువ పడేవి.

"ఒక్క బోర్డుకే మిషనూ, ఇస్త్రీపెట్టే, ఫ్యానూనా! కొంప తగలెట్టుకుంటావా తల్లీ?"

"మీరుండగా నిప్పుకి అంత ధైర్యమా మావయ్యా?" అని ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూనే నవ్వేది.

నిప్పు ధైర్యం చేసింది. ఆయన ఇంటికే వచ్చింది.

గోడలకు రంగు వేసేముందు అలారానికి పలచని ప్లాస్టిక్ కవరు తొడగడం, పనయ్యాక తీసేయడం ఆయన చేతులకు అలవాటు. ఎవరింట్లోనూ మరవలేదు. తన ఇంట్లో మరిచాడు. మన ఇల్లే కదా అని ఆ గంటను ఏ ఆదివారమూ నొక్కి చూడలేదు. ఒక మధ్యాహ్నం ఆయన భార్య హీటరు పక్కన బట్టలు ఆరేసి నడుం వాల్చింది. పొగ మెల్లగా మేఘంలా కప్పుకు చేరింది. ముసుగులోని గంట నిద్రలోనే ఉండిపోయింది. వాసన పసిగట్టి, తలుపు తోసి ఆమెను బయటికి లాగింది టైలరమ్మే. అప్పటికే మావయ్య భార్యకు ఒక చెయ్యి మోచేతి దాకా కాలింది.

ఆయన పరుగున వచ్చేసరికి మంట ఆరిపోయింది. భార్య పక్కింట్లో ఉంది. ఆయన మాత్రం ముందు కుర్చీ ఎక్కి, మసిపట్టిన కవరు లాగి జేబులో కుక్కుకున్నాడు.

"గంట మోగలేదు. దిక్కుమాలిన సరుకు," అన్నాడు, వచ్చినవాళ్లతో.

ఆ మాట పొగకన్నా వేగంగా మెట్లెక్కింది. మావయ్య గంటే మోగకపోతే మనదేం మోగుతుంది? ఒక్కొక్కరే అలారాలు ఊడదీశారు. ఆయన రంగు వేసిన కప్పుల మీద తెల్లటి గుండ్రని మచ్చలు మిగిలాయి, రెప్పల్లేని కళ్లలా.

తర్వాతి ఆదివారం టైలరమ్మ ఇంటికి వెళ్తే అక్కడా అదే మచ్చ. దాని కింద, గుడ్డపీలికల కుప్ప మీద ఆమె పసిది నిద్రపోతోంది. ఆయన గుమ్మం దాటలేకపోయాడు. జేబులోంచి కవరు తీశాడు.

"ఇది మా గంట మీదుండింది. తొడిగింది నేనే, దాచిందీ నేనే."

మిషను ఆగింది. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పసిదాన్ని పక్కకు జరిపి, ఊడదీసిన గంటా స్టూలూ తెచ్చి మచ్చ కింద పెట్టింది.

"ఎక్కండి. బిగించండి."

తర్వాత ప్రతి గుమ్మం ముందూ అదే కవరు, అదే మాట. కొందరు మొహం మీదే తలుపేశారు. భార్యకు చెప్పడానికి మాత్రం అన్ని గుమ్మాలూ అయ్యేదాకా నోరు రాలేదు.

"ఆ చొక్కా ఒంటిచేత్తో ఉతికింది నేనేగా," అందామె, కట్టుకట్టిన చేతిని ఒళ్లోకి తీసుకుంటూ. "ఉతికాక ఆ కవరు మళ్లీ జేబులోనే పెట్టాను."

ఈ కథ ఆయన్నే అడిగి రాసుకుని నేను లేవబోతుంటే ఆయన మెట్ల దాకా వచ్చాడు. తలెత్తలేదు.

"మర్చిపోయాడని రాసి వదిలేయకండి బాబూ. మరుపు ఎవరికైనా ఉంటుంది. జేబులో పెట్టుకున్నాడని రాయండి."