చీపురుపుల్ల కొలత

మా మేనమామ బొగ్గుబావిలో పోగొట్టుకున్నవి లెక్కేస్తే మూడు: మెట్లెక్కే దమ్ము, వెల్లకిలా నిద్ర, గట్టి నవ్వు. మెల్లగా నడిస్తే ఊపిరి సులువవుతుందని డాక్టరు చెప్పాడు. భూపాలపల్లిలో బూట్ల దుకాణం మెట్లెక్కలేక, పొద్దున్నే పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి, విరిచి నాకిచ్చాడు. పుల్ల పొడవే చెప్పింది. సాయంత్రానికి వాచే పాదం వెడల్పు చెప్పలేదు.

“ఛాతీ బిగవట్టె, బూట్లు బిగవట్టె. ఇగ యాడికి పోవాలె అల్లుడా?” అన్నాడు.

వెడల్పైనవి మార్చి తెచ్చాను. “గిప్పుడు వేళ్లకు జర గాలాడుతంది” అంటూ బయల్దేరాడు. కరెంటు స్తంభం వచ్చినప్పుడల్లా ఆగి, దీపం ఆర్పుతున్నట్టు పెదవులు సున్నాలా చుట్టి ఊదేవాడు. అయిదో స్తంభం దగ్గరి చాయ్ హోటల్లో దోస్తులను కలవాలని ఆయన ఆశ. నాలుగోదాన్ని పట్టుకుని నిలబడి, “గది రేపు” అన్నాడు.

మర్నాడు దవాఖానలో చేర్చాం. తిరిగి రాలేదు. ఒక్క స్తంభం ఈనాటికీ బాకీ.