మూత పెట్టి ఉన్న బియ్యం డబ్బా

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. పలాసలో డిగ్రీ చదివేటప్పుడు చీకటి పడ్డాక హాస్టల్ వెనక్కి వెళ్లాలంటే మిగతా అమ్మాయిలు నన్నే తోడు పిలిచేవారు. ఇప్పుడు నేను రాసేదాన్ని కూడా దయ్యం అనలేను. ఏమనాలో తెలియకే, అందరూ పడుకున్నాక కూర్చుని రాస్తున్నాను.

మాది కవిటి దగ్గర ఊరు. మా ఆయన నాకు మేనబావ, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. ఇంట్లో కిడ్నీ జబ్బుతో ఉన్న అత్త, నాలుగేళ్ల మా అమ్మాయి.

మాది బాప్టిస్టు సంఘం. పొద్దున అన్నం వండే ముందు కొంచెం బియ్యం తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం చర్చిలో ఇస్తే అవి లేనివాళ్ల ఇళ్లకి వెళ్తాయి. చాలా ఇళ్లలో ఆడవాళ్లే ఒక పిడికెడు తీస్తారు. మా అత్త మాత్రం ఇంట్లో ఎవరి పిడికెడు వాళ్లే, వాళ్ల చేత్తోనే వేయాలంటుంది. మా అమ్మాయి నడక రాకముందే నా చంకలో ఉండి వేసేది. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు లోపలి బిడ్డ కోసం నేను రెండుసార్లు వేసేదాన్ని.

ఎనిమిదో నెలలో కదలిక ఆగిపోయింది. టెక్కలి ఆస్పత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. ప్రాణం లేదు. నాకు మత్తు దిగేలోపు బావ, సంఘంలోని మగవాళ్లు సమాధి చేసి వచ్చేశారు. నేను ముఖం చూడలేదు. బావ చూశాడు. ఎలా ఉందో చెప్పలేదు, నేనూ అడగలేదు.

చూడటానికి వచ్చినవాళ్లు “ఏడవకే, ఇంకోలు పుడతార్లే” అన్నారు. కుండ పగిలితే చెప్పే మాటలా ఉండేది నాకు.

మళ్లీ వంట మొదలుపెట్టిన రోజు నా పిడికెడు వేశాక చెయ్యి దానంతటదే రెండోసారి బియ్యంలోకి వెళ్లింది. అక్కడే ఆగిపోయాను. డబ్బాలో ఉన్నవి తిరిగి బస్తాలో పోసేసి, డబ్బా కడిగి, గోడకి ఎత్తుగా కొట్టిన బల్ల మీద బోర్లించేశాను. సాయంత్రం ఇంటి ప్రార్థన కూడా అలాగే ఆగిపోయింది. బావ అన్నం తిని వీధి అరుగు మీద కూర్చునేవాడు. అమ్మాయిని తీసుకుని మందసలో మా అమ్మ దగ్గరికి వెళ్లిపోవాలని, ఇక రాకూడదని లోపల నిశ్చయించుకున్నాను. బ్యాగులో బట్టలు కూడా సర్దాను.

ఈలోగా అత్తకి ఆయాసం ఎక్కువై టెక్కలి తీసుకెళ్లాల్సి వచ్చింది. నలుగురం వెళ్లాం. ఇంటికి తాళం వేసింది బావ. ఉన్నది ఒకటే తాళంచెవి, అది ఆయన జేబులోనే ఉంది. కొన్ని రోజులకి మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చాం. తాళం వేసినట్టే ఉంది. వంటింటి కిటికీ గడియ లోపల పెట్టే ఉంది.

పొయ్యి పక్కన గట్టు మీద డబ్బా నిలబెట్టి ఉంది. మూత పెట్టి ఉంది.

తీసి చూశాను. అడుగున కొంచెం బియ్యం. మేం వండుకునే బియ్యమే, పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. ఎలుకలు మూత పెట్టవు కదా.

“బావా, ఇది నువ్వు దించావా?”

“నానెందుకు దించుతానే?”

అత్త మంచం మీంచే అంది, “నా వేపు సూడకండర్రా. ఆ బల్ల అందేదాన్నయితే ఈపాటికి కొబ్బరిచెట్టే ఎక్కుదును.”

నాకు అనుమానం అమ్మాయి మీదే. కానీ దారంతా అది నా ఒళ్లోనే ఉంది, వంటింట్లోకి రానేలేదు. అయినా దాన్ని పిలిచి బస్తాలోంచి గుప్పిట తీయమన్నాను. డబ్బాలోవి అందులో సగం కూడా లేవు.

ఆ బియ్యం నా అరచేతిలో పోసుకున్నాను. బావ చాలాసేపు వాటినే చూసి గోడకి జారగిలబడి కూర్చున్నాడు.

“గుప్పిట మూసుకునే ఉంది,” అన్నాడు. “సానా సిన్నది. ఇప్పి నా ఏలు పెట్టాను. మల్లీ ముయ్యలేదు.”

ఎవరి గురించో నేను అడగక్కర్లేదు.

“నాకెందుకు చెప్పలేదు బావా?”

“నువ్వడగలేదు కదే.”

“ముఖం?”

“నీ ముక్కే. జుత్తు మాత్రం మా అమ్మది.”

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, “పార్దన సెయ్యరా,” అంది. బావ “పెబువా, మా ఇద్దరాడపిల్లల్నీ...” అని ఆగిపోయాడు. మిగతాది నేను పూర్తి చేశాను. ఏం అన్నానో గుర్తు లేదు. బ్యాగులోని బట్టలు ఆ సాయంత్రమే తీసేశాను.

ఆ బియ్యం ఆదివారం చర్చిలో ఇచ్చేశాం. పాస్టరుగారికి చెబితే దేవుడి ఆదరణ అన్నారు. పక్కింటావిడ గాలి అంది, తాయెత్తు కట్టించుకోమంది. నాకు రెండూ సరిపోలేదు. నేను ప్రార్థన చేస్తున్నాను, కానీ ఆ డబ్బా ఎవరు దించారో దేవుణ్ణి అడిగినా ఇంతవరకు జవాబు రాలేదు. తాళం, కిటికీ, బల్ల ఎత్తు అన్నీ ఎన్నోసార్లు చూసుకున్నాను.

బస్సులో ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే ఇద్దరమ్మాయిలు అంటున్నాను. రెండోది ఏది, ఇంటి దగ్గర ఉందా అంటారు. అప్పుడేం చెప్పాలో ఇంకా తెలియడం లేదు.